మాట అలీది, నష్టం ఎవరిది?

చిత్తూరు జిల్లాలో మాటామాటా పెరిగి, సాక్ష్యాలు తేలక, పెద్దమనుషులు కూడా చేతులెత్తేసిన తగాదాల్లో చివరికి వినిపించే సవాలు ఒకటుంది: కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం. అప్పు తీర్చేశానని ఒకడు, పైసా ముట్టలేదని ఇంకొకడు. సొత్తు పోయిందని ఒక ఇల్లు, మాకేం తెలియదని పక్క ఇల్లు. రేపటి నుంచి మందు ముట్టనని పెళ్లాం ముందు ఒప్పుకున్న మగవాడు. ఈమధ్య అయితే అవినీతి ఆరోపణలు విసురుకునే రాజకీయ నాయకులు. వరసిద్ధి వినాయకుడి ఎదుట స్నానం చేసి తడిబట్టలతో నిలబడి ఆడిన మాటకు ఈ ప్రాంతంలో కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం కన్నా బరువెక్కువ. భక్తులు దానికి చెప్పే కారణం వేరు. భక్తి లేనివాళ్లు కూడా ఒప్పుకోవలసిన తర్కం ఒకటి ఆ ఆచారంలో ఉంది. ప్రమాణం చేసేవాడు పణంగా పెట్టేది తన్ను తాను. అబద్ధమైతే కీడు తన నెత్తినే పడనీ అని తానే కోరుకుంటాడు. పక్కింటివాడి పిల్లల మీద ఒట్టేస్తానని ఎవడైనా వస్తే గుడి మెట్ల దగ్గరే నవ్వి పంపేస్తారు. మనిషి మాటను తూచడానికి ఇంతకన్నా నికార్సయిన తూకం నాకు కనబడదు: మాట ఎవరిది, దానివల్ల వచ్చే నష్టం ఎవరిది?

ఈ తూకం అమెరికా బాక్సర్ మహమ్మద్ అలీకి వేసి చూడాలి. 2016 జూన్ 3న, 74 ఏళ్ల వయసులో అరిజోనాలో అతను పోయినప్పుడు, చచ్చినవాడి కళ్లు చారెడన్న మన సామెత ప్రపంచం మొత్తానికీ వర్తిస్తుందని తేలింది. అమెరికా నాయకుల దగ్గర్నుంచి మన పత్రికల క్రీడల పేజీల దాకా అందరూ ఒకే అలీని తలుచుకున్నారు: యుద్ధం వద్దన్న శాంతిమూర్తి, వణికే చేత్తో 1996 అట్లాంటా ఒలింపిక్ జ్యోతి వెలిగించిన మహనీయుడు. తెల్లజాతి వాళ్లంతా పుట్టుకతోనే దయ్యాలని బోధించిన సంస్థలో పదేళ్లకు పైగా ఉన్న అలీ ఆ సంస్మరణల్లో లేడు. జాతి దాటి పెళ్లి చేసుకోవడం పాపమన్న అలీ లేడు. తన కష్టకాలంలో ఆదుకున్న తోటి నల్లజాతి బాక్సర్‌ని లోకం ముందు గొరిల్లా అని పిలిచిన అలీ అసలే లేడు. ఇంకోవైపు ఇవన్నీ తవ్వితీసి, ఇలాంటివాడికా ఈ నీరాజనాలు అని నిలదీసేవాళ్లూ బయల్దేరారు. ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒకటే. మనిషి చేసినవన్నీ ఒకే తక్కెడలో కుప్పపోసి ఒకే బరువు చెప్పాలని చూస్తున్నారు. ఆటను బరిలో తూచాలి. అభిప్రాయాన్ని, దాని నష్టం ఎవరు మోశారో చూసి తూచాలి. ఒకచోట వచ్చిన మార్కులు ఇంకోచోట కలపడానికీ లేదు, కోయడానికీ లేదు.

ఎక్కడో అమెరికా బాక్సర్ సంగతి మనకెందుకని ఎవరైనా అనొచ్చు. 1980 మొదట్లో అలీ మద్రాసు వచ్చాడు. ఎంజీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజులవి. జిమ్మీ ఎల్లిస్‌తో అలీ ఆడిన ప్రదర్శన పోటీకి స్టేడియం కిటకిటలాడింది. చిత్తూరు వాళ్లకు మద్రాసు పొరుగూరు లాంటిది. గ్లోవ్స్ ఎలా ఉంటాయో చూడనివాళ్లకు కూడా మన పల్లెల్లో అలీ పేరు తెలుసు. పైగా గొప్పవాడి తప్పును ఏం చేయాలన్న ప్రశ్న బాక్సింగ్‌కో అమెరికాకో పరిమితమైనది కాదు.

ముందు బరిలోకి వెళ్దాం. క్యాసియస్ క్లే అన్న పేరుతో 18 ఏళ్లకే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ స్వర్ణం గెలిచాడు. 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్‌తో తలపడినప్పుడు పందేలరాయుళ్లు ఏడుకు ఒకటి చొప్పున లిస్టన్ మీదే కాశారు. ఆరు రౌండ్లయ్యాక లిస్టన్ స్టూలు మీంచి లేవలేదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు ఏ గురువైనా నేర్పే మొదటి పాఠం చేతులు గడ్డం దగ్గర పెట్టుకోమని, దెబ్బ వస్తే తల పక్కకు తప్పించమని, వెనక్కి మాత్రం లాగొద్దని. అలీ చేతులు నడుం దగ్గర వేలాడేవి. తల నేరుగా వెనక్కి వాల్చేవాడు. ఇంకెవరు అలా నిలబడ్డా రెండో రౌండ్‌కి మట్టి కరుస్తారు. దెబ్బ ఎంత దూరం వస్తుందో వేలెడు తేడా లేకుండా పసిగట్టే కన్ను, క్షణంలో అక్కణ్నుంచి జారుకునే కాళ్లు ఉండబట్టి అతనికి చెల్లింది. 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌తో జరిగిన పోరు వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. మూడు రౌండ్లే సాగిన ఆ పోరులో అంత పెద్ద శరీరం అంత తేలిగ్గా కదలడం చూస్తే, హెవీవెయిట్ బాక్సింగ్ అంటే ఎద్దుల కుమ్ములాట అనుకునేవాళ్ల అభిప్రాయం మారిపోతుంది.

అయితే నా లెక్కలో అలీ అసలు గొప్పదనం ఆ కాళ్లు పోయాక బయటపడింది. 25 ఏళ్ల నుంచి 28 ఏళ్ల దాకా, ఏ బాక్సర్‌కైనా పంట చేతికొచ్చే వయసంతా అతను బరి బయటే గడిపాడు, ఎందుకో తర్వాత చెబుతాను. తిరిగొచ్చేసరికి పాత వేగం లేదు. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్ చేతిలో చివరి రౌండ్‌లో కింద పడి మరీ ఓడిపోయాడు. 1973లో కెన్ నార్టన్ దవడ విరగ్గొట్టాడు. అక్కడితో ముగిసిపోవాల్సిన మనిషి తన ఆటను మొత్తం మార్చుకున్నాడు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో ఎదురుగా నిలిచిన జార్జ్ ఫోర్‌మన్ వయసు 25, ఆడిన 40 పోరాటాల్లో ఓటమే లేదు. అలీని ఓడించిన ఫ్రేజియర్‌నీ నార్టన్‌నీ రెండేసి రౌండ్లలో పడేసి వచ్చాడు. 32 ఏళ్ల అలీ పరిగెత్తలేదు. తాళ్లకు ఆనుకుని, మోచేతులు దగ్గరికి బిగించి, దెబ్బలన్నీ భుజాల మీదా చేతుల మీదా కాచుకున్నాడు. ఆ వేడిలో కొట్టీకొట్టీ ఫోర్‌మన్ అలసిపోయాక ఎనిమిదో రౌండ్‌లో కూల్చాడు. 1978లో లియాన్ స్పింక్స్ చేతిలో ఓడి, ఏడు నెలల్లోనే తిరిగి గెలిచి, మూడుసార్లు హెవీవెయిట్ టైటిల్ దక్కించుకున్న మొదటివాడయ్యాడు. మొత్తం 61 పోరాటాలు, 56 గెలుపులు, అందులో 37 నాకౌట్లు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ప్రత్యర్థి పొట్ట మీద కొట్టడం అతనికి దాదాపు రాదు. మెడ పట్టి కిందికి లాగడం లాంటి చిల్లర పనులు చాలా చేశాడు. 1976లో జిమ్మీ యంగ్ మీదా నార్టన్ మీదా న్యాయనిర్ణేతలు ఇచ్చిన గెలుపుల గురించి ఇప్పటికీ తగువు నడుస్తోంది. టైటిల్‌ను వరుసగా 25 సార్లు నిలబెట్టుకున్న జో లూయీని, 49 పోరాటాల్లో ఒక్కటీ ఓడని రాకీ మార్సియానోని ముందు నిలబెట్టేవాళ్ల వాదన తోసెయ్యదగ్గది కాదు. లూయీకి కాస్త పైన అలీనే పెడతాను. మీరు పెట్టకపోవచ్చు. ఆ తగువు ఎటు తేలినా, అందులో మతం మాట గానీ వియత్నాం మాట గానీ ఒక్కసారైనా ఎత్తవలసిన పని లేదు.

ఇక అభిప్రాయాలు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లోని సైనిక నియామక కేంద్రంలో, పేరు పిలవగానే ఒక అడుగు ముందుకు వేయాలి. అదే సైన్యంలో చేరినట్టు. క్యాసియస్ క్లే అని పిలిచారు. అతను కదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జో లూయీ సైన్యంలో చేరి సిపాయిల ముందు ప్రదర్శన పోటీలు ఆడాడు. అలీకీ అలాంటి సుఖమైన దారి తెరిచే ఉందని చాలామంది చెప్పి చూశారు. అమెరికా జనంలో అప్పటికి వియత్నాం యుద్ధం మీద వ్యతిరేకత బలపడలేదు. మార్టిన్ లూథర్ కింగ్ అంతటివాడు దాన్ని బహిరంగంగా తూర్పారబట్టి నెల కూడా కాలేదు. అడుగు వేయనన్న కొద్ది గంటల్లోనే న్యూయార్క్ అథ్లెటిక్ కమిషన్ అలీ లైసెన్సు ఆపేసి, ఛాంపియన్‌గా గుర్తింపు తీసేసింది. ప్రపంచ బాక్సింగ్ సంఘం అదే దారి పట్టింది. పాస్‌పోర్టు కూడా పోయింది. జూన్ 20న, అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ 21 నిమిషాల్లో దోషి అని తేల్చింది. ఐదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా. అప్పీలు మీద బయట ఉన్నాడు గానీ, 1970 అక్టోబరు దాకా గ్లోవ్ తొడగనిచ్చినవాడు లేడు. మాట తనది, నష్టమూ తనదే. ఇందులో ఇంకొకరి జేబులోంచి పోయింది ఏమీ లేదు.

కమిషన్ అతని టైటిల్ లాక్కునేనాటికి కోర్టులో కేసు కూడా నమోదు కాలేదు. ఇక్కడ కాణిపాకం స్థలపురాణం గుర్తు చేసుకోవాలి. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. ఆకలేసి లిఖితుడు చెట్టు మీది మామిడిపండు అడక్కుండా కోసుకున్నాడు. ఇది దొంగతనమే, రాజు దగ్గరికి పోయి శిక్ష అడుగు అన్నాడు అన్న. రాజు తమ్ముడి చేతులు నరికించాడు. అతను నదిలో మునిగితే చేతులు మళ్లీ మొలిచాయి. ఆ నదికి బాహుదా అన్న పేరు అలా వచ్చిందంటారు. భారతం శాంతిపర్వంలో ఈ కథకు ఒక కొస ఉంది. నన్ను నువ్వే శుద్ధి చేయగలిగినప్పుడు రాజు దగ్గరికి ఎందుకు పంపావని తమ్ముడు అడుగుతాడు. దండించే అధికారం రాజుది, నాది కాదు అంటాడు అన్న. ఏ తప్పును ఎవరు విచారించాలో, ఎవరి అధికారం ఎక్కడ ఆగాలో అంత సూటిగా చెప్పిన కథ ఇంకోటి అరుదు. పోటీ అమ్ముకున్నాడనో, గ్లోవ్స్‌లో ఏదో దాచాడనో తేలితే బాక్సింగ్ కమిషన్ టైటిల్ లాక్కోవాలి. సైన్యంలో చేరనన్నందుకు లాక్కోవడానికి అది ఎవరు? అలీ లాయర్లు 1970లో ఇదే కోర్టు ముందు పెట్టారు. రకరకాల నేరాల్లో, సైనిక నేరాలతో సహా, శిక్ష పడ్డవాళ్లకు అదే కమిషన్ రెండు వందలకు పైగా సందర్భాల్లో లైసెన్సులు ఇచ్చినట్టు బయటపడింది. జడ్జి కమిషన్ తీర్పును కొట్టేశాడు. అభిప్రాయాలు నచ్చలేదు కాబట్టి అలీని గొప్ప బాక్సర్ల జాబితాలోంచి కొట్టేయమనే నేటి విమర్శకులు గమనించాల్సింది ఇదే. ఆ పని 1967లోనే ఒకరు చేసి తలవంపులు తెచ్చుకున్నారు.

విమర్శకులకు చెప్పాల్సింది చెప్పాక, అభిమానులకు చెప్పాల్సింది అంతకన్నా ఎక్కువ ఉంది. అలీని శాంతివాదిగా చూపడం చరిత్రను కడిగి ఆరేయడమే. అతను అన్ని యుద్ధాలూ తప్పని అనలేదు. దేవుడు ఆదేశించిన యుద్ధమైతే వేరన్నాడు. అలా చెప్పించింది నేషన్ ఆఫ్ ఇస్లాం, దాని అధినేత ఎలైజా మహమ్మద్. 1964లో క్యాసియస్ క్లేకి మహమ్మద్ అలీ అన్న పేరు పెట్టింది కూడా అతనే. నల్లవాళ్లకు వేరే భూభాగం కావాలి, తెల్లవాళ్లతో కలిసి బతకడం కుదరదు, పెళ్లిళ్లు అసలే కూడదు అన్నది ఆ సంస్థ సిద్ధాంతం. హ్యూస్టన్‌లో కాలు కదలనివ్వని పట్టుదల, 1971లో బ్రిటిష్ టెలివిజన్‌లో మైకేల్ పార్కిన్సన్ ఎదుట కూర్చుని ఏ జాతి పిట్ట ఆ జాతి పిట్టతోనే ఉండాలని వాదించిన మొండితనం ఒకే వేరులోంచి వచ్చాయి. 1975లో ప్లేబాయ్ పత్రికతో మాట్లాడుతూ, తెల్ల స్త్రీతో తిరిగే నల్లవాణ్ని చంపాలన్నంత దూరం పోయాడు. చివరికి అమెరికా సుప్రీంకోర్టు 1971 జూన్ 28న 8–0తో అతని శిక్ష రద్దు చేసింది కదా, న్యాయం అతని వైపే ఉందిగా అంటారు. ఆ తీర్పు చదివితే, అలీ నమ్మకం గొప్పదని కోర్టు ఎక్కడా అనలేదు. సైన్యంలో చేరకుండా అతను కోరిన మినహాయింపును ఏ కారణంతో తిరస్కరించారో ప్రభుత్వం తేల్చి చెప్పలేదు కాబట్టి శిక్ష చెల్లదంది. లోపల జరిగిన మొదటి ఓటింగ్‌లో అలీకి వ్యతిరేకంగా ఐదుగురు, అనుకూలంగా ముగ్గురు ఉన్నారనీ, జస్టిస్ హార్లన్ మనసు మార్చుకోవడంతో చిక్కుపడి ఈ సన్నని దారి వెతికారనీ తర్వాత బయటికొచ్చింది. ధైర్యాన్ని మెచ్చుకుని, ఆ ధైర్యాన్ని పోసిన సిద్ధాంతాన్ని దాచిపెడితే మనకు మిగిలేది మనిషి కాదు, పోస్టరు.

పెళ్లిళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. అలీ అన్నదానికి నొచ్చుకునే తెలుగు పాఠకులు, ఆదివారం పత్రికల్లో వధూవరుల ప్రకటనలు కులాలవారీగా ఎలా పేర్చి ఉంటాయో కూడా చూసి నొచ్చుకోవాలి. కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు పిల్లల్ని చంపుకున్న వార్తలు చదివే మనం, అలీ మాట వింతగా ఉందని నటించలేం.

ఇప్పుడు తూకం రెండో వైపు. మాల్కం ఎక్స్ నేషన్ ఆఫ్ ఇస్లాంలో అలీకి గురువు, అన్నలాంటి స్నేహితుడు. లిస్టన్ పోరుకు ముందు మయామీలో పక్కనే ఉండి ధైర్యం చెప్పినవాడు. మాల్కం ఎలైజాతో తెగతెంపులు చేసుకున్న తర్వాత, 1964 మేలో ఘనా రాజధాని అక్రాలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఎలైజాను వదలడం తప్పని అలీ ముఖం మీదే అనేసి వెళ్లిపోయాడు. ప్రాణభయంతో బతుకుతున్న మనిషిని ఆ రోజు అలీ ఒంటరివాణ్ని చేశాడు. తొమ్మిది నెలల తర్వాత 1965 ఫిబ్రవరి 21న మాల్కంను కాల్చి చంపారు. అలీ మొదటి భార్య సోంజీ రాయ్ ఆ సంస్థ చెప్పినట్టు బట్టలు కట్టుకోనంది. ఆ పెళ్లి 1966 జనవరికి విడాకులతో ముగిసింది. సిద్ధాంతం అలీది, కాపురం పోయింది ఆమెకు.

ఫ్రేజియర్ సంగతి దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే అలీ అభిమానుల దగ్గర సరైన జవాబు లేనిది ఇక్కడే. దక్షిణ కరొలైనాలో కౌలు పొలం మీద బతికిన పేద నల్లజాతి కుటుంబంలో పుట్టినవాడు ఫ్రేజియర్. లూయీవిల్‌లో అలీ పెరిగిన ఇల్లు అంతకన్నా ఎంతో నయం. అలీకి లైసెన్సు లేని రోజుల్లో ఫ్రేజియర్ డబ్బు సర్దాడు. అతన్ని మళ్లీ ఆడనివ్వమని అధ్యక్షుడు నిక్సన్‌ని కలిసి అడిగాడు. అలీ తిరిగొచ్చాక ఆ మనిషినే తెల్లవాళ్ల నౌకరన్నాడు. తనను సమర్థించేవాళ్లే అసలైన నల్లవాళ్లన్నట్టు మాట్లాడాడు. 1975 మనీలా పోరుకు ముందు రబ్బరు గొరిల్లా బొమ్మ పట్టుకుని విలేకరుల ముందు దాన్ని గుద్దుతూ ఆట పట్టించాడు. నల్లవాళ్లను కోతులని పిలిచిన తెల్ల దురహంకారుల భాష అది. నల్లజాతి ఆత్మగౌరవానికి ప్రతినిధినన్న మనిషి నోటి వెంట ఇంకో నల్లవాడి మీదికి వచ్చింది. ఫ్రేజియర్ పిల్లలు బడిలో హేళన పడ్డారు. 1975 అక్టోబరు 1న మనీలాలో 14 రౌండ్లయ్యాక, కళ్లు మూసుకుపోయిన ఫ్రేజియర్‌ని కోచ్ ఎడీ ఫచ్ ఆపేశాడు. ఆ దెబ్బలు మానాయి గానీ ఆ మాటలు మానలేదు. 1996లో అలీ ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తుంటే, తానైతే మంటలోకి తోసేసి ఉండేవాణ్నని అన్నంత కసి ఫ్రేజియర్‌లో మిగిలింది. ప్రపంచం ఆ మాటకు ఫ్రేజియర్‌నే తప్పుపట్టింది. నష్టపోయినవాడు కడుపుమంట చూపిస్తే అతనిదే కుసంస్కారం అనడం మనకు కొత్తా?

అదంతా టికెట్లు అమ్ముకోవడానికి వేసిన వేషం అంటారు. 2001లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ద్వారా ఫ్రేజియర్‌కి క్షమాపణ చెబుతూ అలీ కూడా ఇంచుమించు ఇదే అన్నాడు. కాదనను, 1971 పోరుకు ఇద్దరికీ చెరి 25 లక్షల డాలర్లు రావడంలో అలీ నోటి చలవ ఉంది. కానీ అమ్ముడుపోయే సరుకు ఫ్రేజియర్ పరువైనప్పుడు, అతని అనుమతి అడగాల్సింది. పైగా క్షమాపణ పత్రికకు చెప్పాడు, తనకు నేరుగా చెప్పలేదన్నది ఫ్రేజియర్ బాధ. ఇంకో వాదన దీనికన్నా బరువైనది. అలీ పుట్టింది 1942లో, నల్లవాళ్లకు వేరే కుళాయి, వేరే సీటు, వేరే బడి ఉన్న కెంటకీలో. అలాంటి చోట పెరిగినవాడు తెల్లవాళ్లను దయ్యాలంటే, అది ద్వేషం కాదు, గాయం అంటారు. ఆ వాదనకు నేను తలవంచుతాను, సగం దాకా. తెల్లవాళ్ల మీద అతను అన్న మాటలకు అది సమాధానం అవుతుంది. మాల్కం విషయంలో, సోంజీ విషయంలో, ఫ్రేజియర్ విషయంలో అది ఎలా పనికొస్తుంది? వాళ్లూ అదే కుళాయి దగ్గర నీళ్లు తాగినవాళ్లే.

తర్వాత మారాడు కదా అన్నది మూడో మాట. మారాడు. 1975లో ఎలైజా చనిపోయాక అతని కొడుకు సంస్థను సంప్రదాయ ఇస్లాం వైపు తిప్పితే అలీ అటే నడిచాడు. తెల్లవాళ్లు దయ్యాలన్న మాట వదిలేశాడు. మాల్కంకు వెన్ను చూపినందుకు తన జీవితంలో ఎక్కువగా బాధపడే పొరపాట్లలో అదొకటని 2004లో వచ్చిన పుస్తకంలో రాసుకున్నాడు. 1984లో బయటపడ్డ పార్కిన్సన్ జబ్బు అతని నోటిని మెల్లగా మూసేసింది. లోకం అతన్ని పూర్తిగా ప్రేమించడం మొదలుపెట్టింది ఆ తర్వాతే అన్నది నాకు ఎప్పుడూ గుచ్చుకునే విషయం. వాదించగలిగినంత కాలం అతనంటే భయపడ్డవాళ్లు, వాదించలేని స్థితికి వచ్చాక సాధువును చేసి కూర్చోబెట్టారు. మార్పు మార్పే, దాన్ని లెక్కలో వేయాల్సిందే. కానీ మాల్కంకు ఆ పశ్చాత్తాపం 39 ఏళ్లు ఆలస్యంగా అందింది. అందుకోవడానికి మాల్కం లేడు.

నా తూకం మీద కూడా ఒక ఆక్షేపణ ఉంది. అది న్యాయమైనదే. తన మాటకు తానే నష్టపోయినవాడల్లా ఒప్పేనా? మతోన్మాది కూడా ప్రాణమిస్తాడు, మరి అతని మాట నిజమవుతుందా? కాదు. కాణిపాకంలో నిలబడినవాడు మనస్ఫూర్తిగా పొరబడి ఉండొచ్చు. ప్రమాణం అతని నిజాయితీకి రుజువు, అతను చెప్పిన సంగతికి కాదు. వియత్నాం యుద్ధం తప్పన్నది అలీ నష్టపోయినందువల్ల తేలిన విషయం కాదు, ఆ యుద్ధం తన చేతలతో తానే తేల్చింది. జాతులు విడివిడిగా బతకాలన్న సిద్ధాంతం, దానికోసం అలీ ఏమి వదులుకున్నా, తప్పే. కానీ మనం ఇక్కడ చూస్తున్నది మనిషిని. మనిషి విషయంలో నష్టం ఎవరిదన్న ప్రశ్న ఎక్కడా తడబడదు. 1980లో భారత్‌లో ఉండగానే అమెరికా అధ్యక్షుడు కార్టర్ కోరితే, మాస్కో ఒలింపిక్స్ బహిష్కరించమని చెప్పడానికి అలీ ఆఫ్రికా దేశాలకు బయల్దేరాడు. టాంజానియా అధ్యక్షుడు నైరేరే కలవడానికే ఒప్పుకోలేదు. ఆఫ్రికా విముక్తి పోరాటాలకు సాయపడిన సోవియట్ యూనియన్‌కి వ్యతిరేకంగా ఎందుకొచ్చావని విలేకరులు అడిగితే అలీ దగ్గర జవాబు లేదు. ముందే తెలిస్తే వచ్చేవాణ్నే కాదన్నాడు. 1967లో ప్రభుత్వానికి ఎదురు నిలిచి ఒక్క మాట మీద నుంచి కదలని మనిషే, ఇంకొకరి మాట మోసుకెళ్లినప్పుడు ఒక్క ప్రశ్నకే జారిపోయాడు. అరువు తెచ్చుకున్న మాటకు అతను పణం పెట్టింది ఏమీ లేదు మరి. కిన్షాసా, మనీలా పోరాటాల సంగతీ కొంత ఇలాంటిదే. ఆ పండుగలకు ఖర్చు పెట్టింది మొబుటు, మార్కోస్ అనే ఇద్దరు నియంతలు. వాళ్ల జైళ్లలో ఉన్నవాళ్ల గురించి ఛాంపియన్ నోరు మెదపలేదు.

తెలుగువాళ్లకు ఇలా విడివిడిగా తూచడం రాదనలేను. చిత్తూరు పక్కనే కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్ష పదవి వదిలేశారు. అదే పెద్దమనిషి ఆ పదవిలోకి తిరిగొచ్చి, దేశమంతా క్విట్ ఇండియా అని లేచిన 1942లో సర్ బిరుదు అందుకున్నారు. పదవి వదులుకున్నందుకు ఒక మాట, బిరుదు తీసుకున్నందుకు ఒక మాట అనుకున్నా, ఆయన రాసిన ‘కవిత్వ తత్త్వ విచారము’ను విమర్శ గ్రంథంగానే చదివాం. వర్ణవ్యవస్థ మీద విశ్వనాథ సత్యనారాయణగారి అభిప్రాయాలు ఒప్పనివాళ్లే ఎంతోమంది ‘వేయిపడగలు’ మళ్లీమళ్లీ చదివారు, చదివి పోట్లాడారు. సాహిత్యంలో ఉన్న ఈ ఇంగితం సినిమా దగ్గరికీ క్రికెట్ దగ్గరికీ వచ్చేసరికి మాయమైపోతుంది. అక్కడ ఉంటే పాలాభిషేకం, లేకుంటే దిష్టిబొమ్మ దహనం. హీరో నోరు జారితే అభిమాన సంఘం సమర్థిస్తుంది, ప్రత్యర్థి సంఘం అతని నటనే సున్నా అంటుంది. ఆ మాటకు దెబ్బతిన్న మూడో మనిషి ఎవరో ఇద్దరికీ పట్టదు.

అందుకే పత్రికల వాళ్లకు ఒక విన్నపం. అలీ జయంతికో వర్ధంతికో పేజీ వేసినప్పుడు హ్యూస్టన్‌లో వేయని అడుగు గురించి ఎంత గొప్పగా రాయాలనిపిస్తే అంత గొప్పగా రాయండి, దానికి అతను పూర్తిగా అర్హుడు. కిన్షాసా ఎనిమిదో రౌండ్ ఫోటో పెద్దదిగా వేయండి. అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, అలీకి అప్పిచ్చి తిట్లు తిన్న జో ఫ్రేజియర్ పేరు కూడా వేయండి. 32 గెలుపులు, నాలుగే ఓటములు ఉన్న ప్రపంచ ఛాంపియన్ అతను. 1971లో అలీకి వృత్తి జీవితంలో మొదటి ఓటమి చూపించినవాడు కూడా అతనే.